పెరటి గోతిలో పడక!

పైన బాంబర్ల హోరు. కింద చీలమండల దాకా నీళ్లు. మధ్యలో ఆరున్నర అడుగుల రేకుల గూడు. 1940 చలికాలంలో లక్షలాది బ్రిటిష్ కుటుంబాలకు అదే పడకగది. ఆ గోతిని గూడుగా మార్చుకున్న ఇల్లాళ్ల కథ ఇది.

మన ఇంటి పెరట్లో ఏముంటాయి? కరివేపాకు చెట్టు, నాలుగు బంతి మొక్కలు, గిన్నెలు తోమే గట్టు, బట్టలారేసే తీగ. లండన్ శివార్లలోనూ ఇంచుమించు అంతే. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇటుక ఇళ్ల వరసలు. ఒక్కో ఇంటి వెనకా పొడుగ్గా, సన్నగా ఓ తోట. అందులో కాసిని గులాబీలు, కాస్త పచ్చిక. నగరం నుంచి రైల్లో బయల్దేరితే పట్టాల పక్కన ఆ పెరళ్లే మైళ్ల కొద్దీ కనిపిస్తాయి.

1940లో ఆ పెరళ్లలో ఇంకోటి కూడా ఉండేది. సగం నేలలోకి దిగి, నెత్తిన మట్టి కప్పుకుని, కోళ్లగూడుకు ఎక్కువ, కొట్టుగదికి తక్కువ అన్నట్టుండే ఓ గుట్ట. పొద్దుగూకితే చాలు... దుప్పట్లు, దిండ్లు, టీ ఫ్లాస్కు, చంకలో పసిబిడ్డ... ఇంటిల్లిపాదీ అందులోకి దిగిపోయేవారు. మళ్లీ తెల్లారాకే పైకి రావడం.

దాని పేరు ఆండర్సన్ షెల్టర్. బ్రిటన్ మొత్తమ్మీద దాదాపు 36 లక్షల షెల్టర్లను పంచిపెట్టారు.

బెంగాల్ గవర్నరు పేరు

ఈ ఆండర్సన్ మన దేశానికి కొత్తవాడేం కాదు. 1932 నుంచి 1937 వరకూ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన సర్ జాన్ ఆండర్సన్. విప్లవకారుల మీద ఉక్కుపాదం మోపిన ఆయన మీద 1934లో డార్జిలింగ్ దగ్గర లెబాంగ్ గుర్రప్పందేల మైదానంలో కాల్పులు జరిగాయి. కొద్దిలో బతికిపోయాడు. స్వదేశానికి తిరిగెళ్లాక, 1938 చివర్లో, వైమానిక దాడుల నుంచి పౌరులను కాపాడే ఏర్పాట్లు చూసే బాధ్యత ఆయనకు అప్పగించారు. అలా, బెంగాల్లో జనం భయంతోనో కోపంతోనో తలచుకున్న పేరు బ్రిటన్లో ప్రతి పెరట్లోనూ స్థిరపడింది.

అప్పటికే స్పెయిన్ అంతర్యుద్ధంలో గెర్నికా, బార్సిలోనా నగరాల మీద బాంబులు పడ్డ తీరును లోకం చూసింది. రేపు లండన్ వంతు వస్తే? ఇంటింటికీ సరిపోయేలా, చవగ్గా, సులువుగా బిగించుకునేలా ఏదైనా కావాలన్నాడు ఆండర్సన్. విలియం పాటర్సన్ అనే ఇంజినీరు, ఆస్కార్ కెరిసన్‌తో కలిసి నమూనా తయారుచేశాడు. మన పశువుల కొట్టాలకు వేసే వంపుల జింకు రేకులు ఉంటాయే... అలాంటివే మందపాటి ఉక్కుతో చేసినవి 14 పలకలు. పైన గుండ్రంగా వంచిన రేకులను బోల్టులతో కలిపి బిగిస్తే గూడు సిద్ధం. ఎత్తు 6 అడుగులు, వెడల్పు నాలుగున్నర, పొడవు ఆరున్నర. అందులో ఆరుగురు పట్టాలి!

1939 ఫిబ్రవరిలో లండన్లోని ఇజ్లింగ్టన్ ప్రాంతంలో పంపిణీ మొదలైంది. ఏడాదికి 250 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఉచితం. మిగతావాళ్లు 7 పౌండ్లు కట్టాలి. ఆ ఏడాది సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యే నాటికే 15 లక్షలు పంచేశారు. రేకులు, బోల్టులు ఇంటి ముందు దించి వెళ్లిపోవడమే. గొయ్యి తవ్వుకోవడం, బిగించుకోవడం ఇంటివాళ్ల పని. నాలుగడుగుల లోతు తవ్వి, రేకులు నిలబెట్టి, పైన కనీసం 15 అంగుళాల మందాన మట్టి కప్పాలి. ఆదివారం వస్తే ఇరుగూపొరుగూ చొక్కా చేతులు మడిచి పారలు అందుకునేవారు.

గునపం దిగని నేల, నీరు ఇంకని నేల

ఆ రేకుల గూడు నేరుగా బాంబు పడితే తట్టుకోలేదు. ఆ సంగతి ప్రభుత్వానికీ తెలుసు, జనానికీ తెలుసు. కానీ పక్కనెక్కడో పేలితే వచ్చే గాలిదెబ్బనూ, ఎగిరొచ్చే ఇనుప ముక్కలనూ, కూలిపడే గోడలనూ బాగానే ఆపుతుంది. వంపుల రేకు దెబ్బకు కాస్త వంగుతుంది తప్ప విరగదు. మీదున్న మట్టి మిగతా పని చూసుకుంటుంది. ఇల్లు నేలమట్టమైనా, పెరటి గోతిలోంచి దుమ్ము దులుపుకుంటూ నడిచొచ్చిన కుటుంబాలు ఎన్నో.

చిక్కంతా ఇంకోచోట ఉంది. సైరన్ మోగగానే పరుగెత్తి, ఓ గంటో రెండు గంటలో కూర్చుని, గండం గడిచాక ఇంట్లోకి వచ్చెయ్యొచ్చన్న అంచనాతో చేసిన ఏర్పాటు అది. కూర్చోవడానికే తప్ప పడుకోవడానికి కాదు. నేలకు గచ్చు లేదు, వాకిలికి తలుపు లేదు, లోపల బల్ల కూడా లేదు.

1940 సెప్టెంబరు 7న లెక్క తప్పింది. ఆ సాయంత్రం మొదలైన బాంబుదాడి మర్నాడు తెల్లవారే దాకా సాగింది. అక్కడి నుంచి వరసగా 57 రాత్రులు లండన్ మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఆ తర్వాతా కాస్త తెరిపినిస్తూ 1941 మే దాకా సాగాయి. మొత్తం దేశంలో 40 వేల మందికి పైగా పౌరులు చనిపోయారు. రాత్రంతా గోతిలో జాగారం. పొద్దున్నే ఫ్యాక్టరీకో ఆఫీసుకో పరుగు. జనం రోజువారీ జీవితాన్ని నమోదుచేసే ‘మాస్ అబ్జర్వేషన్’ అనే సంస్థ తొలి వారంలోనే లండన్ వాసుల్ని వాకబు చేస్తే, అంతకుముందు రాత్రి అసలు కన్ను మూతపడలేదని చెప్పినవారు దాదాపు ముగ్గురిలో ఒకరు!

బాంబు నుంచి కాపాడుకోవడం ఇంజినీర్ల పని. నిద్రను కాపాడుకోవడం మాత్రం ఇంటివాళ్ల పనైపోయింది. అందులోనూ ముఖ్యంగా ఇల్లాలి పని.

ముందు నీళ్లు... తర్వాతే నిద్ర

లండన్ నేల చాలాచోట్ల జిగట బంకమన్ను. వాన పడితే నీరు ఇంకదు. నాలుగడుగుల లోతు గొయ్యి తవ్వితే అది చిన్న బావే! శీతకాలం వచ్చేసరికి చాలా షెల్టర్లలో నీళ్లు నిలిచాయి. సాయంత్రం వంట పూర్తయ్యాక ఇల్లాలి మొదటి పని బకెట్టూ చెంబూ తీసుకుని ఆ నీళ్లు తోడిపోయడం. కాస్త ఓపికున్నవాళ్లు ఓ మూల చిన్న గుంట తవ్వి, నీరంతా అందులోకి చేరేలా నేలను వాలుగా చెక్కుకున్నారు. కొందరు ఇటుకలు పరిచారు. కొందరు పాత తలుపు చెక్కల్ని అడుగున వేసుకున్నారు.

కింది నీళ్ల సంగతి తేలితే పైనుంచి ఇంకో బాధ. ఆరుగురి ఊపిరి ఆవిరై చల్లటి ఉక్కు రేకుకు తగిలి, బొట్లుబొట్లుగా మొహం మీద పడేది. దీనికీ ఓ చిట్కా కనిపెట్టారు. లోపలి వైపు రంగు వేసి, అది ఆరకముందే బెరడు పొడో రంపపు పొట్టో చల్లడం. ఆ గరుకు పూత తేమను కాస్త పట్టి ఉంచేది. ఎంత చేసినా పరుపులూ దుప్పట్లూ చెమ్మగిల్లేవి. అందుకే పక్కబట్టలు రాత్రికి మాత్రమే కిందికి వెళ్లేవి. పొద్దున్నే ఇంట్లోకి చేర్చి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ మోసుకెళ్లాలి. ఏ ఒక్కరోజు ఆ పని మానినా ఆ రాత్రి తడి దుప్పటే గతి. పిల్లలకు దగ్గు, పెద్దలకు కీళ్లనొప్పులు.

రైలు బెర్తుల్లా మంచాలు

ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. ఇందులో మంచాలెలా వేయాలి? ప్రభుత్వమే కరపత్రాలు అచ్చువేసి కొలతలతో సహా బొమ్మలు గీసి చూపించింది. మన రైలు పెట్టెలో బెర్తులు గుర్తుతెచ్చుకోండి. అటూ ఇటూ పొడుగునా కింద రెండు, పైన రెండు. ఆ నాలుగూ పెద్దలకు. చివర్లో అడ్డంగా వేసే చిట్టి బెర్తులు పిల్లలకు. చట్రానికి కర్ర కొయ్యలు. వాటి మీద గోనెపట్టానో, కాన్వాసు గుడ్డో బిగించి మేకులు కొట్టడమే. మన నవారు మంచం సూత్రమే! వడ్రంగి పని తెలిసిన నాన్నలున్న ఇళ్లలో నాలుగు ఆదివారాల్లో ఇవి తయారైపోయేవి.

ఇక చలి. కుంపటి పెట్టుకుందామంటే అంత చిన్న గూటిలో బొగ్గు పొగ ప్రాణం తీస్తుంది. కిరసనాయిలు స్టవ్ తన్నేస్తే అంటుకుంటుంది. అందుకే పూలకుండీ పొయ్యి వచ్చింది. మట్టి కుండీలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద ఇంకో కుండీ బోర్లించాలి. మట్టి నెమ్మదిగా వేడెక్కి గూటిలోని చలిని కాస్త విరిచేది. మంట బయటికి కనిపించదు కాబట్టి పై విమానాలకు వెలుగు చిక్కదు. వేడినీళ్లు నింపిన రబ్బరు సంచి, లేదంటే పొయ్యిలో కాల్చి గుడ్డలో చుట్టిన ఇటుక... కాళ్ల దగ్గర పెట్టుకోవడానికి అవి. వాకిలికి తలుపు బదులు మందపాటి రగ్గు వేలాడేది. ఆ రగ్గు సందులోంచి వెలుగు ఒక్క గీత బయటపడినా వీధిలో తిరిగే వార్డెన్ కేకేసేవాడు.

మిగతా సామాను చూస్తే ఓ చిన్న కాపురమే. టీ నింపిన ఫ్లాస్కు. అప్పటికే టీపొడి రేషన్, కాబట్టి గుక్కగుక్కకీ లెక్క. రేషను పుస్తకాలు, గుర్తింపు కార్డులు, బీమా కాగితాలు పెట్టిన రేకు డబ్బా. గ్యాస్ మాస్కులు. అల్లిక సూదులు, ఊలు ఉండ. పిల్లలకు ఓ బొమ్మల పుస్తకం. మూలన మూత ఉన్న బకెట్. అది దేనికో చెప్పనక్కర్లేదు! దానికో గుడ్డ తెర కట్టుకోవడానికి అమ్మలు పడ్డ అవస్థలు యుద్ధ చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపించవు. అర్ధరాత్రి సైరన్‌కు లేచి బట్టలు మార్చుకునే వ్యవధి ఉండదు కదా... మెడ నుంచి కాళ్ల దాకా ఒకే ముక్కగా కుట్టిన ‘సైరన్ సూట్లు’ అలా వాడుకలోకి వచ్చాయి. ప్రధాని చర్చిల్ కూడా వాటిని సరదాపడి తొడుక్కునేవాడు.

హెచ్చరిక సైరన్ హెచ్చుతగ్గులతో ఏడ్చినట్టు మోగేది. ప్రమాదం తప్పిందని చెప్పేది మాత్రం ఒకే స్థాయిలో సాగే కూత. ఆ రెండింటి మధ్య పిల్లల్ని నిద్రపుచ్చాలి. కొన్నాళ్లకు ఇళ్లలో ఓ పద్ధతి ఏర్పడింది. సైరన్ కోసం ఎదురుచూడ్డం మానేశారు. ఆరింటికి భోజనం, ఏడింటికి పడకలు. అలవాటైన దిండు, అలవాటైన బొంత, అమ్మ చెప్పే అదే కథ. గొయ్యి అయితేనేం, రోజూ ఒకేలా జరిగితే పిల్లలకు అది ఇల్లే.

నెత్తిన కూరగాయల తోట

షెల్టరు కోసం పెరట్లో సగం తవ్వేసినా ఇంగ్లిషువాళ్లు తోటపని మాత్రం మానలేదు. పైన కప్పిన మట్టిని ఊరికే వదిలేస్తారా? దాని మీద ఆకుకూరలు, సొరజాతి తీగలు, పూలమొక్కలు వేశారు. వేళ్లు పట్టేసరికి మట్టి వానకు కొట్టుకుపోకుండా నిలిచింది. తిండిగింజలకూ కూరలకూ కటకటగా ఉన్న రోజులాయె... ‘విజయం కోసం తవ్వండి’ అని ప్రభుత్వమూ చెబుతోంది. కొన్ని పేటల్లో ఎవరి షెల్టరు మీద తోట బాగుందో తేల్చడానికి పోటీలు కూడా జరిగాయి. కింద ప్రాణభయం, పైన ఆకుకూరల మడి!

పెరడు లేనివాళ్లో?

ఇదంతా పెరడున్నవాళ్ల సంగతి. లండన్ తూర్పు పేటల్లో, రేవుల పక్కన, ఇరుకు వాడల్లో కూలీనాలీ చేసుకునేవాళ్లకు పెరళ్లెక్కడివి? బాంబులు ఎక్కువగా పడిందేమో అక్కడే. వీధిలో ఇటుకలతో కట్టిన ఉమ్మడి షెల్టర్లను వాళ్లు నమ్మలేదు. టికెట్టు కొనుక్కుని భూగర్భ రైల్వేస్టేషన్లలోకి దిగి, ప్లాట్‌ఫారాల మీదే పక్కలు పరిచారు. మొదట వద్దన్న ప్రభుత్వం జనం మొండికేయడంతో దిగొచ్చింది. 1940 సెప్టెంబరు చివర్లో ఒక్క రాత్రి 1,77,000 మంది అక్కడ తలదాచుకున్నారు.

ఈ తేడా గురించి ముందే గొంతెత్తినవాడు జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త. స్పెయిన్‌లో బాంబుదాడుల్ని కళ్లారా చూసొచ్చి, నేలలో లోతుగా, అందరికీ చోటుండే షెల్టర్లు కట్టాలని పట్టుబట్టాడు. ఆండర్సన్ ఒప్పుకోలేదు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేసి, భారత పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం మన కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మంచం కిందే షెల్టర్

ఇన్ని తంటాలు పడి అమర్చుకున్నా, అందరూ గోతిలోకి దిగారా? లేదు. 1940 నవంబరులో లండన్లో లెక్క తీస్తే, ప్రతి వందమందిలో 27 మంది ఇంటి షెల్టర్లలో, 9 మంది ఉమ్మడి షెల్టర్లలో, నలుగురు భూగర్భ స్టేషన్లలో పడుకుంటున్నారని తేలింది. మిగిలినవాళ్లలో డ్యూటీలో ఉన్నవారు పోను ఎక్కువమంది ఇంట్లోనే ఉండిపోయారు. మెట్ల కింద నక్కినవారు కొందరు, ‘వచ్చే చావు ఎక్కడైనా వస్తుంది, వెచ్చగా పక్క మీదే రానీ’ అనుకున్నవారు ఇంకొందరు. రోజుల తరబడి నిద్రలేని మనిషికి భయం కూడా బరువే.

ఆ సంగతి పాలకులకూ అర్థమైంది. జనం షెల్టరు దగ్గరికి రాకపోతే షెల్టరే జనం మంచం దగ్గరికి వెళ్లాలి. 1941 మార్చిలో మోరిసన్ షెల్టర్ వచ్చింది. అప్పటి హోం మంత్రి హెర్బర్ట్ మోరిసన్ పేరు మీద. జాన్ బేకర్ అనే ఇంజినీరు రూపకల్పన. చూడ్డానికి ఉక్కు భోజనాల బల్ల. పొడవు ఆరున్నర అడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు రెండున్నర. చుట్టూ ఇనుప తీగల జాలీ. పగలు దాని మీద గుడ్డ పరిచి భోంచేయడం, రాత్రి పరుపు వేసుకుని దాని కిందికి దూరిపోవడం. పిల్లలు దాని మీద టేబుల్ టెన్నిస్ కూడా ఆడేవారు.

ఇల్లు కూలి మీద పడినా బల్ల పైభాగం కొంత వంగి, ఆ బరువును తనలోకి తీసుకుని, కిందున్నవాళ్లను నలగనివ్వదు. బాగా దెబ్బతిన్న 44 ఇళ్లను పరిశీలిస్తే, ఈ బల్లల కింద పడుకున్న 136 మందిలో చనిపోయింది ముగ్గురే. 120 మంది పెద్ద గాయాలేవీ లేకుండా బయటపడ్డారు. ఆ ఏడాది ఆఖరుకు 5 లక్షలకు పైగా బల్లలు ఇళ్లకు చేరాయి. నీళ్లు తోడే పని లేదు, పక్కబట్టలు మోసే పని లేదు. పొయ్యి ఉన్న గదిలోనే పడక!

ఇప్పుడు వెళ్తే...

యుద్ధం ముగిశాక చాలా ఆండర్సన్ షెల్టర్లను పాత ఇనుము కింద తీసుకెళ్లిపోయారు. కొంత సొమ్ము కట్టి ఉంచుకున్న ఇళ్లూ ఉన్నాయి. గోతిలోంచి పైకి తీసి, పారలూ గడ్డికోత మిషన్లూ పెట్టుకునే కొట్టుగా మార్చుకున్నారు. ఇప్పటికీ బ్రిటన్లో పాత ఇళ్ల వెనక తుప్పు పట్టిన వంపుల రేకు గూడు అక్కడక్కడా కనిపిస్తుంది.

లండన్ వెళ్లేవారు ఆనాటి జీవితాన్ని చూడాలంటే ముందుగా ఇంపీరియల్ వార్ మ్యూజియానికి వెళ్లొచ్చు. ప్రవేశం ఉచితం. క్లాఫామ్ సౌత్ స్టేషన్ దగ్గర నేలలో లోతుగా తవ్విన షెల్టరును లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వాళ్లు గైడ్లతో తిప్పి చూపిస్తున్నారు. దాదాపు 180 మెట్లు దిగాలి. ఎనిమిది వేల మందికి సరిపడా పడకలుండేవి. మాంచెస్టర్ పక్కన స్టాక్‌పోర్ట్‌లో ఎర్ర ఇసుకరాతి కొండను తొలిచి చేసిన సొరంగాలు ఇంకో ఆకర్షణ. వరసగా బెర్తులు, క్యాంటీన్, మరుగుదొడ్లు ఉన్న ఆ షెల్టరును ఆ ఊరివాళ్లు సరదాగా ‘హోటల్’ అని పిలిచేవారు. ఇవన్నీ చూశాక పెరటి గూడు ఎంత ఇరుకో మరింత బాగా అర్థమవుతుంది.

మనకూ ఆ చప్పుడు కొంత తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మనవాళ్లు పెరళ్లు తవ్వుకోలేదు. ఇళ్లకు తాళాలేసి, బండ్లు కట్టుకుని, లోపలి పల్లెల్లో చుట్టాల ఇళ్లకు తరలిపోయారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న తెలుగు పిల్లలు ఖార్కివ్ హాస్టళ్ల నేలమాళిగల్లో, మెట్రో స్టేషన్లలో రోజుల తరబడి తలదాచుకున్నప్పుడు, ఇక్కడ అమ్మానాన్నలు ఫోన్లో అడిగిన మొదటి మాటలేమిటి? తిన్నావా, కాస్తయినా నిద్రపోయావా అనే కదా.

ఎనభై ఏళ్ల కిందట లండన్ పెరళ్లలో పూలకుండీ కింద కొవ్వొత్తి వెలిగించిన అమ్మలు ఆలోచించిందీ అదే. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో వాళ్ల చేతిలో లేదు. బాంబు ఎక్కడ పడుతుందో వాళ్ల చేతిలో లేదు. దుప్పటి పొడిగా ఉంచడం ఒక్కటీ వాళ్ల చేతిలో ఉంది. తొమ్మిది నెలల పాటు ప్రతి సాయంత్రం ఆ పని చేశారు.